నమాజుకు ముందే తీరాల్సిన బాకీ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రంజాన్ పండుగ

రంజాన్ పండుగ అనగానే బయటివారికి మొదట గుర్తొచ్చేవి కొత్త బట్టలు, ఈద్గాలో బారులు తీరిన తెల్లటి టోపీలు, మధ్యాహ్నం వేళ బిర్యానీ. నెల రోజులు పగలంతా పస్తులున్నవారు ఆకలి తీరా తినే రోజుగా దాన్ని అర్థం చేసుకోవడమూ మామూలే. ఈ పండుగకు ఇస్లాం ధర్మశాస్త్రం పెట్టిన వరుసను కాస్త దగ్గరగా చూస్తే మాత్రం విందు చాలా వెనక వస్తుంది. అన్నిటికంటే ముందు ఇంట్లో ఒక లెక్క తేలాలి, ఆ లెక్క ప్రకారం కొంత సొమ్మో ధాన్యమో ఇల్లు దాటి పేదవారి చేతికి చేరాలి, ఆ తర్వాతే ఈద్గాకు బయలుదేరాలి. దీని పేరే ఫిత్రా. పండుగ అసలు పేరైన ఈదుల్ ఫిత్ర్‌తో పేరులోనే ముడిపడిన ఈ దానాన్ని పక్కన పెట్టి ఆ రోజు జరిగే మిగతా తంతును ఎంత వర్ణించినా పండుగ సగమే అర్థమవుతుంది.

ఫిత్రా లెక్క తలకు ఇంత అని ఉంటుంది. నిత్యావసరాలు పోను నిర్ణీత హద్దుకు మించి ఆస్తి ఉన్న ప్రతి ముస్లిమూ తన తరఫున, తన మీద ఆధారపడిన చిన్నపిల్లల తరఫున దాన్ని ఇవ్వాలి. పండుగనాడు తెల్లవారకముందు పుట్టిన పసికందు తరఫున కూడా ఇవ్వాల్సిందే. హనఫీ అనే ధర్మశాస్త్ర సంప్రదాయంలో గోధుమలైతే అర సా, బార్లీ, ఖర్జూరం, ఎండుద్రాక్షలైతే ఒక సా అని కొలత. సా అన్నది అరబ్బుల పాత కొలమానం కాబట్టి దాన్ని ఇప్పటి తూకంలోకి మార్చేటప్పుడు ఉలమాల (మత పండితుల) మధ్య కొద్ది తేడాలున్నాయి. గోధుమల లెక్కన మనిషికి ఒకటిన్నర కిలో మొదలు రెండు కిలోల దాకా చెబుతారు. ధాన్యానికి బదులు దాని ధర ఇచ్చినా చెల్లుతుందని హనఫీల అభిప్రాయం. అందుకే రంజాన్ నెల సగం గడిచేసరికి, ఆ ఏడు బజారు ధర చూసుకుని, మనిషికి ఇన్ని రూపాయలని మసీదుల్లో ప్రకటిస్తారు. స్తోమత ఉన్నవారు గోధుమల ధరతో సరిపెట్టుకోకుండా ఖర్జూరం లెక్కన ఇవ్వడం మేలని కూడా చెబుతారు. ధరగా కాక ధాన్యంగానే ఇవ్వాలనే అహలె హదీస్ వర్గంవారు ఆ ప్రాంతంలో జనం తినే తిండి గింజలను ఇస్తారు కనుక వరి పండే నెల్లూరు సీమలో అది సహజంగానే బియ్యం అవుతుంది.

ఈ దానానికి రెండు ప్రయోజనాలున్నాయని ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ చెప్పిన హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) ఒకటి ఉంది: ఉపవాసంలో దొర్లిన వ్యర్థపు మాటలు, లోపాలు దీనితో శుభ్రపడతాయి, పేదవారికి తిండి దొరుకుతుంది. నమాజుకు ముందు ఇస్తేనే అది ఫిత్రా, తర్వాత ఇస్తే మామూలు దానాల్లో ఒకటిగానే ఉంటుందని కూడా అదే హదీసు చెబుతుంది. పండుగ పూట ఎవరూ చేయి చాచాల్సిన అవసరం రాకూడదన్నది ఈ గడువు వెనుక ఉన్న ఆలోచన. ఆ లెక్కన చూస్తే ఈద్గా గేటు దగ్గర కూర్చున్నవారి చేతుల్లో ఆ ఉదయమే చిల్లర నోట్లు పెట్టుకుంటూ వెళ్లే అలవాటు కంటే, నాలుగైదు రోజుల ముందే వీధిలోని వితంతువు ఇంటికో మంచాన పడ్డ కూలీ ఇంటికో మొత్తం ఒక్కసారిగా చేర్చడం ఎంతో మెరుగు. పాలు, సేమియా, పిల్లలకు ఒక జత బట్టలు కొనాలంటే సొమ్ము పండుగకు ముందే చేతిలో ఉండాలి. చాలా మసీదు కమిటీలు ఇప్పుడు ముందుగానే ఫిత్రా వసూలు చేసి, జాబితా ప్రకారం ఇళ్లకు పంచుతున్నాయి. ఆపదలో ఉండి కూడా అడగలేని మధ్యతరగతి కుటుంబాలకు ఈ పద్ధతే పరువుగా ఉంటుంది.

జకాత్ అనే దానం దీనికి వేరు. 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు సమానమైన సంపద చాంద్రమానం ప్రకారం ఏడాది పాటు ఉంటే అందులో రెండున్నర శాతం ఇవ్వడం విధి. రంజాన్‌లోనే ఇవ్వాలన్న నియమం లేకపోయినా, ఈ నెలలో చేసే పుణ్యానికి ఫలం ఎక్కువన్న నమ్మకంతో దుకాణదారులు, వ్యవసాయదారులు తమ ఏడాది లెక్కను ఇప్పుడే సరిచూసుకుంటారు. మదరసాలకు, అనాథ పిల్లల చదువుకు, పేద ఇళ్ల పెళ్లిళ్లకు వెళ్లే సొమ్ములో ఎక్కువ భాగం ఈ ముప్పై రోజుల్లోనే కదులుతుంది.

పండుగ ఏ రోజో ముందుగా ఖాయంగా చెప్పలేకపోవడం తెలుగు పాఠకులకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఇస్లామీ నెల ఇరవైతొమ్మిది రోజులైనా ఉండవచ్చు, ముప్పై రోజులైనా ఉండవచ్చు. ఇరవైతొమ్మిదో రోజు సూర్యాస్తమయం తర్వాత పడమట నెలవంక కనిపిస్తే మర్నాడే షవ్వాల్ నెల మొదటి రోజు, అంటే పండుగ. కనిపించకపోతే ముప్పై రోజాలు (ఉపవాసాలు) పూర్తి చేయాలి. దీన్ని మన పంచాంగంతో కలిపి చూస్తే సులభంగా బోధపడుతుంది. 2025లో మార్చి 29 సాయంత్రం అమావాస్య ముగిసింది, 30న ఉగాది జరిగింది. ఉగాది రోజు పొద్దు కుంకే వేళకు చంద్రుడి వయసు ఇరవై ఆరు గంటలు కావడంతో నెలవంక కనిపించి, 31న రంజాన్ పండుగ అయింది. అంతకు ముందు ఏడు, 2024 ఏప్రిల్ 9న ఉగాది. ఆ సాయంత్రానికి చంద్రుడి వయసు పద్దెనిమిది గంటలు దాటినా ఆంధ్ర ప్రాంతంలో నెలవంక కంటబడలేదు కాబట్టి ఇక్కడ 11న పండుగ చేసుకున్నారు. కేరళలో మాత్రం 10నే జరిగింది. పాడ్యమి, విదియల మధ్య ఊగే ఈ ఒక్క రోజు తేడాకు మూలం ఖగోళంలోనే ఉంది. నెలవంక దర్శనాన్ని నిర్ధారించే రూయతె హిలాల్ కమిటీలు ఊరూరి నుంచి వచ్చే సాక్ష్యాలను విచారించి ప్రకటన చేసేదాకా రాత్రి బజారు కూడా సందిగ్ధంలోనే ఉంటుంది.

రెండు పండుగలకూ చంద్రుడే ఆధారమైనా ఉగాది ఎప్పుడూ వసంతంలోనే వస్తుంది, రంజాన్ మాత్రం రుతువులన్నీ తిరుగుతుంది. తెలుగువారి చాంద్రమానంలో సుమారు ముప్పై రెండు ముప్పై మూడు నెలలకొకసారి అధిక మాసం చేర్చి సౌరమానంతో పొత్తు కుదురుస్తారు. అలా నెలలను ముందుకు వెనక్కు జరపడాన్ని ఖురాన్ నిషేధించింది. కాబట్టి 354 రోజుల హిజ్రీ (ఇస్లామీ) సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ముప్పై మూడేళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. 2030లో జనవరిలో ఒక రంజాన్, డిసెంబరు చివర మరో రంజాన్ మొదలవుతాయి.

ఈ తిరుగుడు ప్రభావం మెట్ట ప్రాంతాల్లో బాగా తెలుస్తుంది. 2018లో మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు రంజాన్ సాగింది. అంటే రోహిణి కార్తె మొత్తం ఉపవాసాల్లోనే గడిచింది. తెల్లవారుజామున సహరీ (ఉపవాసానికి ముందు భోజనం) ముగిసింది మొదలు పొద్దు కుంకేదాకా పద్నాలుగు గంటలకు పైగా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా చీమకుర్తి క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో, ట్రంకు రోడ్డు మీద తోపుడుబండి దగ్గర నిలబడడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. శీతకాలంలో అదే ఉపవాసం పన్నెండున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు శాస్త్రం మినహాయింపు ఇచ్చి, వదిలిన రోజాలను తర్వాత తీర్చుకోమంటుంది. కోలుకునే అవకాశం లేని వృద్ధులు, దీర్ఘరోగులు రోజుకొక పేదవాడికి అన్నం పెట్టే ఫిదియా ఇస్తారు. ఇంత వెసులుబాటు ఉన్నా ఎండాకాలంలో కూడా కూలి పనికి పోతూ ఒక్కపొద్దు విడవనివారు ఈ రెండు జిల్లాల్లో తక్కువేమీ కాదు. సాయంత్రం మసీదుల్లో ఇఫ్తార్ సమయానికి ఖర్జూరం, పండ్ల ముక్కలతోపాటు పంచే గంజి ఈ ప్రాంతపు రంజాన్‌కు గుర్తు. బియ్యం, పెసరపప్పు, అల్లం వెల్లుల్లి, మసాలా వేసి జారుగా కాచే ఈ గంజిని ఒకపూట వ్యయం ఒకరు భరించే పద్ధతిన కాస్తారు. పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చి ఇళ్లకూ తీసుకువెళతారు.

రాత్రిళ్లు తరావీహ్ అనే ప్రత్యేక నమాజుల్లో హాఫిజ్‌లు (ఖురాన్ కంఠస్థం చేసినవారు) ఖురాన్‌ను రోజుకు కొంత చొప్పున పారాయణం చేసి, సాధారణంగా ఇరవైఏడో రాత్రికి పూర్తి చేస్తారు. చివరి పది రోజులు కొందరు మసీదులోనే ఏతెకాఫ్ (ప్రార్థనలతో ఏకాంతవాసం) కూర్చుంటారు. నెలవంక కనిపించగానే వారు బయటికి రావడం, మొహల్లా (పేట) వారు ఆలింగనం చేసుకుని ఇంటికి సాగనంపడం పండుగ మొదలైందనడానికి తొలి సూచన.

పండుగ చేసుకునేవారు ఎవరన్న దాని మీద కొంత వివరణ అవసరం. ఉదయగిరి కొండ మీద మసీదు 17వ శతాబ్దిలో గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం నాటిది. 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయేదాకా నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉంది. నెల్లూరు కోటమిట్ట, ఆత్మకూరు, ఉదయగిరి, ఒంగోలు ఇస్లాంపేట, కంభం వంటి చోట్ల ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడే కుటుంబాలు స్థిరపడడానికి ఆ పాలనలే చాలావరకు కారణం. వీరితోపాటు పల్లెల్లో పెద్ద సంఖ్యలో దూదేకులవారు, అంటే నూర్‌బాషాలు ఉన్నారు. దూది ఏకడం పూర్వపు వృత్తి, తెలుగే ఇంటి భాష. దక్కనీ ఇళ్లలో తరతరాలుగా విని నేర్చుకున్న దువాలను (ప్రార్థనలను) దూదేకుల ఇళ్లలో తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకాల నుంచి నేర్చుకోవడం కనిపిస్తుంది. పండుగ మాత్రం ఇద్దరికీ ఒకటే వరుస. ఈద్గాలో భాషను బట్టి, కులాన్ని బట్టి వేరే బారు అంటూ ఉండదు.

నెల్లూరు పేరు చెప్పగానే దేశమంతటా వినిపించే రొట్టెల పండుగకు, రంజాన్‌కు తేడా కూడా ఇక్కడే గమనించాలి. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ ఆ ఒక్క స్థలానిది, అక్కడి పన్నెండుమంది అమరులది. కోర్కెలు తీరినవారు రొట్టెలు వదలడం, తీరాల్సినవారు అందుకోవడం అక్కడి ఆచారం, అందులో అన్ని మతాలవారూ ఉంటారు. కసుమూరు, ఏఎస్ పేట దర్గాల గంధం ఉత్సవాలూ అలాంటివే. రంజాన్‌కు స్థలంతో పని లేదు. హిజ్రీ రెండో సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం 624లో ఉపవాసాలు విధి అయినప్పటి నుంచి ఎక్కడి ముస్లిమైనా చేయాల్సింది ఇది; దర్గాలకు వెళ్లని వర్గాలవారు కూడా దీన్ని విడిచిపెట్టరు. ఊరిబట్టి మారేవి వంటలు, బట్టలు, ఇరుగుపొరుగుతో నడిచే రాకపోకలు మాత్రమే.

నెలవంక కనిపించిన రాత్రిని చాంద్‌రాత్ అంటారు. మగవాళ్లు దర్జీ దగ్గర ఆగిపోయిన బట్టల కోసం, అత్తరు, సుర్మా, టోపీల కోసం బజారులో తిరుగుతుంటే, ఆడవాళ్లు గోరింటాకు పెట్టుకుంటూనే షీర్‌ఖుర్మాకు సిద్ధం చేస్తారు. ఇది ఓపిక అడిగే వంట. బాదం, పిస్తాలను రాత్రే నానబెట్టి, పొట్టు వలిచి, నిలువుగా సన్నని చీలికలు తీయాలి. ఖర్జూరాలను పాలలో నానేసి గింజలు తీసి చీరాలి. సారపప్పు, జీడిపప్పు, ఎండుద్రాక్షలను నేతిలో విడివిడిగా వేయించాలి. కలిపి వేయిస్తే అన్నీ సమంగా వేగవు. వెంట్రుకలంత సన్నటి సేమియాను అదే నేతిలో సన్న సెగ మీద ఎర్రగా రానిచ్చి దించాలి. తెల్లవారుజామున చిక్కటి పాలు సగానికి మరిగాక చక్కెర, యాలకుల పొడి, ఆ తర్వాత పప్పులు, ఖర్జూరాలు, అన్నిటికంటే చివర గుప్పెడు సేమియా వేస్తారు. సేమియా ఎక్కువైతే చల్లారేసరికి గట్టిపడి మామూలు పాయసమవుతుంది. గరిటెతో పోస్తే జారేలా ఉండడమే దీని లక్షణం.

ఈ తీపికి రుచిని మించిన ప్రయోజనం ఉంది. నెల రోజులు పగటిపూట తినకపోవడం ఎలా విధో, పండుగ రోజు ఉపవాసం ఉండకపోవడం కూడా అలాంటి విధే. ఆ రోజు రోజా నిషిద్ధం. ప్రవక్త ఈద్గాకు బయలుదేరేముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినేవారు కాబట్టి ఏదో ఒక తీపి నోట వేసుకుని వెళ్లడం సున్నత్ (ప్రవక్త చూపిన ఆచరణ). స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడుక్కుని, అత్తరు పూసుకుని, మెల్లగా తక్బీర్ (అల్లాహు అక్బర్ అనే స్తుతి) చదువుకుంటూ ఒక దారిన వెళ్లి మరో దారిన తిరిగి రావాలన్నదీ ఆయన ఆచరణే. బట్టలు కొత్తవే కావాలని ఎక్కడా లేదు, శుభ్రంగా ఉంటే చాలు. అప్పు చేసి ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు తెచ్చే కుటుంబాలు ఈ మాటను గుర్తుంచుకోవడం మంచిది.

ఈద్ నమాజు సూర్యుడు బారెడు పైకొచ్చాక మొదలై మధ్యాహ్నానికి ముందే ముగియాలి. నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గరి ఈద్గాలో, పట్టణాల్లోని ఈద్గాల్లో, పెద్ద మసీదుల్లో ఈ నమాజు జరుగుతుంది. చిన్న పల్లెలవారు ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద దగ్గరి పట్టణానికి వస్తారు. ఎవరి జానిమాజ్ (నమాజు చాప) వాళ్లు తెచ్చుకుంటారు, లేనివారు దుప్పటి పరుస్తారు, పక్కనున్న ఇద్దరు ముగ్గురికి అదే సరిపోతుంది. నమాజుకు పిలిచే అజాన్ ఉండదు, నమాజు మొదలవుతోందని చెప్పే ఇఖామత్ ఉండదు. ఇది ఏడాదికి రెండుసార్లే వచ్చే నమాజు కావడంతో ఇమాం మొదలుపెట్టే ముందు పద్ధతిని మైకులో వివరిస్తారు: హనఫీల ప్రకారం రెండు రకాత్‌లు (నమాజులో ఒక్కో ఆవృత్తి ఒక రకాత్), ఆరు అదనపు తక్బీర్‌లు, మొదటి రకాత్‌లో పారాయణానికి ముందు మూడు, రెండో రకాత్‌లో పారాయణం తర్వాత మూడు, చేతులు చెవులదాకా ఎత్తి వదిలేయాలి, మొదటి రకాత్‌లో మూడో తక్బీర్ తర్వాత మాత్రం కట్టుకోవాలి. ఇంత చెప్పినా రెండో రకాత్‌లో అలవాటు చొప్పున రుకూకు వంగినవారు పక్కవారిని చూసి లేచి నిలబడడం, పిల్లలు ఆ తేడాను ఓరకంట గమనించడం ప్రతి ఈద్గాలోనూ ఉండేదే. శుక్రవారం ఖుత్బా (ఇమాం ప్రసంగం) నమాజుకు ముందు ఉంటే, పండుగనాడు నమాజు తర్వాత ఉంటుంది. అది పూర్తిగా విని కదలాలి. నమాజు కాగానే లేచిపోయే తొందర ఏటా పెరుగుతోంది. నెలంతా పడిన శ్రమకు ఫలితం ఏమిటో, షవ్వాల్‌లో ఏం చేయాలో చెప్పేది ఆ పది నిమిషాల్లోనే.

స్త్రీలలో ఎక్కువమంది ఈ ప్రాంతంలో ఇంటి దగ్గరే ఉంటారు. ఈద్ నమాజు స్త్రీలకు విధి కాదన్న హనఫీ అభిప్రాయం దీనికి ఆధారం. అహలె హదీస్ వంటి వర్గాలు పరదా కట్టి స్త్రీలకు ప్రత్యేక స్థలం ఏర్పాటు చేస్తాయి, ప్రవక్త కాలంలో స్త్రీలు ఈద్గాకు వచ్చేవారని గుర్తుచేస్తాయి. ఈ రెండు అభిప్రాయాల మధ్య తర్కం ఎలా ఉన్నా, పండుగ శ్రమలో పెద్ద భాగం స్త్రీలదేనన్నది కాదనలేని విషయం. నెలంతా అందరికంటే ముందు సహరీకి లేచి వండేది వారే. ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కేవారిలో చాలామంది ముస్లిం స్త్రీలు, వారు ఉపవాసంతోనే ఆ పనీ చేసుకుంటారు. ఖుత్బా వినే అవకాశం కూడా వారికి ఉంటే మంచిదన్న అభిప్రాయం చదువుకున్న కుటుంబాల్లో ఇప్పుడిప్పుడే వినిపిస్తోంది, దాన్ని పట్టించుకోవాలి.

నమాజు ముగిశాక ఆలింగనాలు, ఈద్ ముబారక్‌లు. ఇంటికి వెళ్లే దారిలో చాలామంది ఖబరస్తాన్‌లో ఆగి తల్లిదండ్రుల, పెద్దల సమాధుల దగ్గర ఫాతిహా చదువుతారు. ఇంటికి చేరగానే పిల్లలు పెద్దలకు సలాం చేసి ఈదీ (పండుగ కానుక) అందుకుంటారు. నెలంతా తెల్లవారుజామున డప్పు కొట్టి వీధిని లేపిన ఫకీరు ఆ రోజు ఇంటింటికీ వస్తాడు. ఫోన్లలో అలారాలు వచ్చాక ఆ పిలుపు అవసరం తగ్గినా అతనికి ఇచ్చేది మానని ఇళ్లు ఉన్నాయి.

పక్కింటివారికి షీర్‌ఖుర్మా పంపడం ఈ జిల్లాల్లో గట్టిగా నిలిచిన ఆచారం. పాలు, నెయ్యి, చక్కెర, పప్పులతో అయ్యే వంట కాబట్టి మాంసం ముట్టని ఇళ్లవారు కూడా అభ్యంతరం లేకుండా తీసుకుంటారు. క్యారియరు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా రాదు, కాసిని అరటిపండ్లో గుప్పెడు చక్కెరో వేసి పంపుతారు. మస్తానయ్య, మస్తానమ్మ అన్న పేర్లు హిందూ ఇళ్లలో మామూలైన ఈ సీమలో ఇటువంటి రాకపోకలకు ఎవరూ ప్రత్యేకమైన పేరు పెట్టరు. మధ్యాహ్నం బిర్యానీ లేదా పలావుతోపాటు దాల్చా ఉంటుంది. శనగపప్పులో ఎముకల మాంసం, సొరకాయ ముక్కలు, చింతపండు పులుసు వేసి కాచే ఆ పులుసు ఉంటేనే భోజనం నిండినట్టు.

ఉపాధికి గల్ఫ్ వెళ్లినవారి ఇళ్లలో పండుగ తరచూ రెండు రోజుల మీద పరుచుకుంటుంది. కువైట్‌లో, సౌదీలో నెలవంక సాధారణంగా ఒకరోజు ముందు ఖరారవుతుంది కాబట్టి, ఆత్మకూరులో భార్యాపిల్లలు చివరి రోజా ఉన్న ఉదయం భర్త అక్కడి ఈద్ నమాజు ముగించి వీడియో కాల్‌లో కనిపిస్తాడు. మర్నాడు వీళ్ల పండుగకు అతను పనిలో ఉంటాడు. 2020లో లాక్‌డౌన్ వల్ల మే 25న ఈద్గాలు మూతపడి అందరూ ఇళ్లలోనే నమాజు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడు మనుషులు కలవకపోయినా ఫిత్రా మాత్రం ఆగలేదు. కూలీ పోయి ఇబ్బంది పడ్డ ఇళ్లకు జకాత్, ఫిత్రా సొమ్ముతో సరుకులు కొని మొహల్లా యువకులు గుమ్మాల ముందు పెట్టి వచ్చారు.

పండుగ మర్నాటి నుంచి షవ్వాల్ నెలలో ఆరు రోజాలు ఉంటే ఏడాదంతా ఉపవాసం ఉన్న పుణ్యమని హదీసు. ఒక్కో మంచి పనికి పదింతల ఫలం అన్న లెక్కన ముప్పై రోజాలు మూడు వందలవుతాయి, ఆరు రోజాలు అరవై అవుతాయి. వరుసగా ఉండాలన్న నిబంధన లేదు కాబట్టి బంధువుల రాకపోకలు ముగిశాక వీలు చూసుకుని నెలలోపు పూర్తి చేస్తారు. రంజాన్‌లో విడిచిన రోజాలు బాకీ ఉన్న స్త్రీలు చాలామంది ముందు వాటిని తీర్చుకుని తర్వాత వీటికి పూనుకుంటారు.